గిన్నెతో కాదు, తూకంతో

కావలి

చిరంజీవి అమ్ములుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. పిల్లికి ఎంత పెట్టినా గిన్నె దగ్గరే కూర్చుని అరుస్తోందని, అసలు రోజుకు ఎంత పెట్టాలని రాశావు. అరుపులు లెక్కపెట్టి వడ్డిస్తే కుబేరుడికైనా చాలదు.

ముందు దాని బరువు చూడు. దాన్ని ఎత్తుకుని తూకం యంత్రం ఎక్కు, తర్వాత దించేసి ఒక్కదానివే ఎక్కు. తేడా దాని బరువు. 4 కిలోలు ఉందనుకో. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయి, ఒంగోలు అపార్టుమెంటులో సోఫా నుంచి కిటికీ దాకా తిరిగే పిల్లికి కిలోకు 50 కేలరీలతో మొదలుపెట్టవచ్చు. అంటే రోజుకు 200. ఇక పొడి మేత సంచి వెనకవైపు చూడు. కిలోకు 3,800 కేలరీలని ఉంటే, నీ పిల్లికి కావలసింది దాదాపు 53 గ్రాములు. రోజంతటికీ కలిపి అంతే! పొద్దున్నే వంటింటి కాటాలో తూచి ఒక డబ్బాలో పోసిపెట్టు. రెండు మూడు పూటలుగా అందులోంచే తియ్యి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు వడ్డన ముగిసినట్టే.

ఈ డబ్బా సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మా ఎర్రపిల్లికి పొద్దున నేను పెట్టేదాన్ని. నడక నుంచి వచ్చి మీ పెదనాన్న ఇంకోసారి పోసేవారు, "పాపం, ఖాళీ గిన్నె నాకుతోంది" అని. చేపల గంప దిగితే పెరట్లో మూడో విందు. ఒకరోజు ప్రహరీ గోడ మీదికి ఎగరబోయి, సగంలోనే గోళ్లతో గోడ గీసుకుంటూ జారి కింద పడింది. తూస్తే ఆరున్నర కిలోలు. ఒక్కసారిగా మాన్పించవద్దని పశువైద్యుడు గట్టిగా చెప్పారు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుందట. బరువు వారానికి 60 గ్రాముల చొప్పున తగ్గించడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ మీ పెదనాన్న మీద ఒక కన్ను వేసి ఉంచాను.

చేప పెట్టవద్దనను, నెల్లూరు జిల్లాలో ఆ మాట ఎవరూ వినరు. ఉప్పూ కారం వేయకుండా ఉడికించి, ముళ్లు తీసిన బొచ్చె ముక్క 20 గ్రాములు చాలు. దానికి బదులు మేతలో 5 గ్రాములు తగ్గించు. పులుసులో ముక్క మాత్రం వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. పచ్చి చేప రోజూ పెడితే బి1 విటమిన్ దెబ్బతింటుంది. మీ అత్తగారి పెరుగన్నంతో కడుపు నిండుతుంది కానీ మాంసంలో, చేపలో ఉండే టారిన్ అనే పోషకం అందదు. అది లేకపోతే పిల్లికి గుండె, కళ్లు పాడవుతాయి. ఈ మాట ఆవిడకు నా పేరు చెప్పి నెమ్మదిగా చెప్పు.

కూనలకు ఈ లెక్క పనికిరాదు. కిలోకు రెండు మూడింతలు కావాలి.

రెండు వారాలయ్యాక పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూడు. పలుచని దుప్పటి కింద పెన్సిళ్లలా తగిలితే సరిపోతున్నట్టే. వెతుక్కోవాల్సి వస్తే 5 గ్రాములు తగ్గించు, గుచ్చుకుంటే పెంచు.

ఈ ఆదివారం తూచి బరువెంతో ఫోను చెయ్యి. ఫొటోలు పంపకు, ఫొటోలో అన్ని పిల్లులూ ముద్దుగానే ఉంటాయి.

మీ పెద్దమ్మ