"రైట్ ఆఫ్టర్ లంచ్"లో ఆ రైట్ ఏం చేస్తోంది?

మీ ప్రశ్న ఇదీ: "ఐ విల్ బీ బ్యాక్ ఇన్ ద ఆఫీస్ రైట్ ఆఫ్టర్ లంచ్" అని మేనేజర్ మెయిల్ పెట్టారు. "ఇన్ ద ఆఫీస్", "ఆఫ్టర్ లంచ్" అనే ప్రిపోజిషన్ ఫ్రేజుల ముందు ఈ బ్యాక్, రైట్ అనే అడ్వర్బులు ఎందుకు? తీసేస్తే తప్పా?

తీసేస్తే గ్రామర్ చెడదు, మాట చెడుతుంది. రైట్ లేకపోతే మీ మేనేజర్ నాలుగింటికి వచ్చినా ఆయన్ని ఏమీ అనలేరు. ఉంటే మాత్రం చెయ్యి కడుక్కుని నేరుగా సీటుకి రావాల్సిందే. బ్యాక్ లేకపోతే ఆయన అక్కణ్ణుంచి వెళ్ళి మళ్ళీ వస్తున్నారన్న సంగతే పోతుంది. మీరడిగినదానికి జవాబు ఇంతే. కానీ ఈ రైట్ విషయంలో నా దగ్గర ఒక పాత కథ ఉంది, చెప్పకుండా వదలను.

హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ జోరుగా నడిచిన రోజుల్లో నేను అందులో పనిచేశాను. అమెరికాలో డాక్టర్ పేషెంట్‌ని చూసి గబగబా డిక్టేట్ చేసేస్తాడు. ఇక్కడ మేము హెడ్‌ఫోన్ తగిలించుకుని, కాలితో ఫుట్ పెడల్ తొక్కుతూ వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ టైప్ చేసేవాళ్ళం. జీతం లైన్ల లెక్కన. స్పేసులతో కలిపి 65 అక్షరాలైతే ఒక లైను. 98 శాతం ఆక్యురసీ రాకపోతే కోత. తర్వాత నేను ఎడిటింగ్‌లోకి మారాను.

ఒక రాత్రి షిఫ్టులో, కొత్తగా చేరిన అమ్మాయి హెడ్‌ఫోన్ తీసి "అక్కా, ఈ డాక్టర్ నిద్రమత్తులో ఉన్నట్టున్నాడు, రైటూ అంటున్నాడు, లెఫ్టూ అంటున్నాడు" అంది. వెళ్ళి విన్నాను. మోకాలి ఆపరేషన్ రిపోర్టు. "ఎ స్మాల్ ఇన్సిషన్ వజ్ మేడ్ రైట్ అబవ్ ద లెఫ్ట్ నీ." ఇన్సిషన్ అంటే కత్తితో పెట్టే గాటు. ఆ పిల్ల అదే ముక్కని తిప్పి తిప్పి వింటూ టెన్షన్ పడుతోంది. టీమ్ లీడ్ వచ్చి "బ్లాంక్ పెట్టి ఫ్లాగ్ చెయ్, మనకెందుకు రిస్కు" అన్నాడు.

ఆయన భయంలో అర్థం లేకపోలేదు. ఒక వైపు చెయ్యాల్సిన ఆపరేషన్ ఇంకో వైపు చేసేసిన కేసులు ఆపడానికి అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ వాళ్ళు 2004లో యూనివర్సల్ ప్రోటోకాల్ అని ఒకటి అమల్లోకి తెచ్చారు. ఆపరేషన్ చెయ్యాల్సిన చోట ముందే గుర్తు పెట్టాలి, మొదలుపెట్టే ముందు అందరూ ఆగి పేషెంట్ ఎవరో, ఏ వైపో ఒకసారి సరిచూసుకోవాలి. దాంతో రిపోర్టులో రైట్, లెఫ్ట్ అనే మాట వినిపిస్తే చాలు, మా ఫ్లోర్ మొత్తం ఉలిక్కిపడేది.

కానీ ఇక్కడ ఉలిక్కిపడాల్సింది ఏమీ లేదు. రైట్ తర్వాత ఏ మాట ఉందో చూడండి. అబవ్ ఉంది. కుడి అని చెప్పే రైట్ అయితే మోకాలు అనే అర్థమున్న "నీ" పక్కకి వెళ్ళి కూర్చునేది, "అబవ్ ద రైట్ నీ" అని. ప్రిపోజిషన్ ముందు కూర్చుంది కాబట్టి దానికి కుడితో సంబంధం లేదు, "సరిగ్గా ఆ పైనే, మధ్యలో ఖాళీ లేకుండా" అని చెబుతోంది. పైగా అదే డాక్టర్ కింద పేరాలో "రైట్ ఎట్ ద జాయింట్ లైన్" అనీ, "జస్ట్ బిలో ద పటెల్లా" (మోకాలి చిప్పకి కాస్త కింద) అనీ అన్నాడు. ఆయన మాట తీరే అది. లీడ్‌కి అవన్నీ చూపించాను. ఆయన వినలేదు. బ్లాంక్‌తోనే ఫైల్ వెళ్ళింది, బ్లాంక్ అక్కర్లేదని క్లయింట్ నుంచి తిరిగొచ్చింది, కోత మాత్రం ఆ అమ్మాయి లైన్లలో పడింది. లీడ్ జీతం లైన్ల లెక్కన కాదు మరి.

ప్రిపోజిషన్ ముందు ఆ కుర్చీలో కూర్చునే మాటలు నిజానికి కొన్నే. రైట్, జస్ట్, వెల్, స్ట్రెయిట్, షార్ట్‌లీ, ఇమ్మీడియట్లీ, హాఫ్‌వే లాంటివి. "వెల్ ఆఫ్టర్ మిడ్‌నైట్", "స్ట్రెయిట్ టు ద ఎమర్జెన్సీ రూమ్", "షార్ట్‌లీ బిఫోర్ అడ్మిషన్". ఇవి దాదాపు అన్నీ ఎంత దూరం, ఎంత సేపు అని కొలిచేవే. అందుకే అదే చోట నిజమైన కొలత పెట్టినా చక్కగా సరిపోతుంది: "టూ సెంటీమీటర్స్ బిలో ద నీ", "టెన్ మినిట్స్ ఆఫ్టర్ లంచ్". అందుకే "రైట్ బికాజ్ ఆఫ్ ద రెయిన్" అని ఎవరూ అనరు. కారణానికి దూరం ఉండదు కదా. అక్కడ "పార్ట్లీ బికాజ్ ఆఫ్", "మెయిన్లీ బికాజ్ ఆఫ్" అంటారు. ఈ సంగతి నాకు ఏ కోచింగ్ సెంటరూ చెప్పలేదు, ఫుట్ పెడల్ నేర్పింది.

బ్యాక్ తరహా వేరు. ఫాలో అప్ నోట్ చాలావరకు "ద పేషెంట్ ఈజ్ బ్యాక్ ఇన్ క్లినిక్ టుడే" అనే మొదలవుతుంది. అమెరికన్లు చోటు చెప్పేటప్పుడు ముందు ఎటువైపో చెప్పి, తర్వాత ఎక్కడో చెబుతారు. "అవుట్ ఇన్ ద గరాజ్", "డౌన్ ఇన్ ద బేస్‌మెంట్", "ఓవర్ బై ద విండో". కాలు విరిగిన ప్రతి ముసలాయనా "అప్ ఆన్ ఎ ల్యాడర్ అవుట్ ఇన్ ద గరాజ్" ఉండగానే పడ్డట్టు ఉండేది. మావాళ్ళలో కొందరు ఈ అప్, అవుట్, బ్యాక్ ఎక్స్‌ట్రా అనుకుని తీసేసేవాళ్ళు. లైనుకి డబ్బులిచ్చే ఉద్యోగంలో చేతిలో ఉన్న మాటలు కొట్టేసుకునేవాళ్ళని అక్కడే చూశాను. మళ్ళీ వాళ్ళే సొంతంగా రాసేటప్పుడు "రిటర్న్ బ్యాక్" అని, అక్కర్లేని చోట బ్యాక్ తగిలిస్తారు.

తప్పు వాళ్ళది కాదు, బడిది. మనకి నేర్పింది అండర్‌లైన్ గీయడం. ఇది అడ్వర్బ్, ఇది ప్రిపోజిషన్, గీత గీస్తే మార్కు. "హీ ఫెల్ డౌన్"లో డౌన్ అడ్వర్బ్ అట, "హీ ఫెల్ డౌన్ ద స్టెయిర్స్"లో అదే డౌన్ ప్రిపోజిషన్ అట. పడ్డవాడికి తేడా ఏముంది? డెన్మార్క్ పండితుడు యెస్పర్సన్ 1924లోనే వీటిని వేరు జాతులుగా విడదీయక్కర్లేదన్నాడు. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ కలిసి తెచ్చిన కేంబ్రిడ్జ్ లావుపాటి గ్రామర్ పుస్తకంలో ఆ రెండు డౌన్‌లూ ప్రిపోజిషన్లే. మన బడి పుస్తకాలకి ఆ కబురు ఇంకా అందలేదు.

వెనక నౌన్ లేకుండానే ప్రిపోజిషన్ నిలబడగలదన్న ఆ ఒక్క సంగతి తెలిస్తే మనవాళ్ళ సగం తప్పులు పోతాయి. "గో టు అబ్రాడ్", "హీ ఈజ్ ఇన్ అప్‌స్టెయిర్స్", "కమ్ టు హియర్" అంటాం. అబ్రాడ్, అప్‌స్టెయిర్స్, హియర్, ఇంటికి వెళ్ళేటప్పటి హోమ్, ఇవన్నీ ఒంటరిగానే పూర్తి ఫ్రేజ్ పని చేస్తాయి, ముందు టు గానీ ఇన్ గానీ అడగవు. ఫ్రమ్ పెట్టుకోవచ్చు గానీ: "ఫ్రమ్ అబ్రాడ్", "ఫ్రమ్ అప్‌స్టెయిర్స్". ఒక ప్రిపోజిషన్ వెనక ఇంకోటి రావడం కూడా మామూలే, "ఫ్రమ్ బిహైండ్ ద ఇయర్", "అంటిల్ ఆఫ్టర్ డిన్నర్". వీటిని చూసి కంగారెందుకో నాకు తెలీదు, చెవి వెనక నుంచి అని రోజూ అనేవాళ్ళమే కదా మనం.

అన్నట్టు ఓన్లీ గురించి మీరు అడగలేదు కానీ చెబుతాను, ఎందుకంటే దాన్ని మనం ఎక్కడ పడితే అక్కడ పెడతాం. "మార్నింగ్ ఓన్లీ ఐ టోల్డ్" అంటే ఆఫీసులో నవ్వి ఊరుకుంటారు. డిశ్చార్జ్ కాగితం మీద అలా కుదరదు. "టేక్ వన్ టాబ్లెట్, ఓన్లీ ఎట్ నైట్" వేరు, "టేక్ ఓన్లీ వన్ టాబ్లెట్ ఎట్ నైట్" వేరు. మొదటిది పగలు వేసుకోవద్దని, రెండోది రెండు వేసుకోవద్దని.