పాత హారర్ సినిమాలను నవ్విస్తూ చూపించే టీవీ హోస్టులకు అమెరికాలో ఇంకా అంత ఆదరణ ఎందుకుంది?

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ముఖానికి తెల్లరంగు పూసుకుని, శవపేటికలోంచి లేచి, పేలని జోకులు వేస్తూ 1930ల నాటి దయ్యాల సినిమాలను చూపించే మనుషులకు ఇన్ని దశాబ్దాలుగా ప్రేక్షకులు ఎలా దొరుకుతున్నారన్నది మొదటిది. ఆ కార్యక్రమాల ముక్కలు కొన్నింటిని ఇంటర్నెట్‌లో చూసినా మీకు నవ్వు రాలేదు, భయమూ వేయలేదు, మరి వాళ్లందులో చూస్తున్నదేమిటన్నది రెండోది. షికాగో పడమటి శివారులో పదేళ్లకు పైగా ఉంటూ, వాటిలో చాలా శనివారాలు స్వెంగూలీ అనే హోస్టు ముందు గడిపినవాడిగా నా అనుభవం చెబుతాను. మొదట్లో నాకూ నవ్వు రాలేదు.

నేను ఇక్కడికి వచ్చింది 2012 చలికాలంలో. మా ఆవిడ వీసా ఇంకా రాకపోవడంతో ఆమె విజయవాడలోనే ఉండిపోయింది. జీతంలో మిగిల్చినదంతా అప్పులకు పంపుతున్న రోజులు కాబట్టి కేబుల్ కనెక్షన్ తీసుకోకుండా, కిటికీ అద్దానికి ఆనించే చిన్న యాంటెన్నా ఒకటి కొని, ఉచితంగా వచ్చే చానెళ్లతో సరిపెట్టుకున్నాను. ఒక శనివారం రాత్రి చానెళ్లు తిప్పుతుంటే నల్లటోపీ, ఎర్రచొక్కా, దానిపైన నల్లకోటు, కళ్ల చుట్టూ నల్లరంగు పూసుకున్న ఒక మనిషి శవపేటిక పక్కన నిలబడి ఉత్తరాలు చదువుతూ కనిపించాడు. ఏదో ఊరి పేరు రాగానే వెనకనుంచి కొన్ని గొంతులు ‘బెర్వి…న్’ అని సాగదీసి అరిచాయి. కాసేపటికి ఆయన ఒక జోకు వేశాడు, అన్ని వైపులనుంచీ రబ్బరు కోళ్లు వచ్చి ఆయన మీద పడ్డాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చానెల్ మార్చలేదు. గదిలో మరో మనిషి గొంతు వినిపించడమే అప్పుడు నాకు కావలసింది, ఆ మనిషి నన్ను ఏమీ అడగడం లేదు కూడా.

మీ ప్రశ్నకు నా జవాబు చాలావరకు ఆ రాత్రిలోనే ఉంది. ఈ హోస్టులు నిలబడింది భయం వల్ల కాదు, హాస్యం వల్ల కూడా పూర్తిగా కాదు. ఒక పాత సినిమాను నిర్ణీత సమయానికి ఒక ఊరివాళ్లందరితో కలిసి చూస్తున్నామన్న తోడు వల్ల నిలబడ్డారు. ఆ తోడు ఎవరూ పథకం వేసి కల్పించినది కాకపోవడం దీని పుట్టుకలోని విచిత్రం.

టెలివిజన్ హారర్ హోస్టులలో మొదటి పేరుగా సాధారణంగా చెప్పేది వాంపైరా. మైలా నుర్మి అనే నటి 1954లో లాస్ ఏంజెలెస్‌లోని కేఏబీసీ స్టేషన్‌లో, బిగుతైన నల్లగౌనుతో, పొగమంచులోంచి నడచివచ్చి, కెవ్వున కేక వేసి సినిమా మొదలుపెట్టేది. ఆ కార్యక్రమం సుమారు ఏడాదే నడిచింది. పేరున్న హారర్ చిత్రాలు అప్పటికి టీవీకి రాలేదు కాబట్టి ఆమె చేతికి అందినవి చవకబారు సినిమాలే. అసలు వెల్లువ 1957లో వచ్చింది. యూనివర్సల్ వారి పాత చిత్రాలను, 1931 నాటి డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టైన్, 1932 నాటి మమ్మీ వంటివాటితో సహా మొత్తం 52 సినిమాలను, స్క్రీన్ జెమ్స్ సంస్థ ‘షాక్’ అనే పేరుతో ఒకే కట్టగా టీవీ స్టేషన్లకు అద్దెకిచ్చింది. ఆ సినిమాలలో చాలావాటి నిడివి గంటా పది, గంటా పదిహేను నిమిషాలకు మించదు. రాత్రి పొద్దుపోయాక అంతకంటే పెద్ద ఖాళీ నింపవలసిన స్టేషన్లకు, ప్రకటనలకూ సినిమాకూ మధ్య మిగిలే సందులో ఎవరో ఒకరు నిలబడి మాట్లాడవలసిన అవసరం ఏర్పడింది. కొత్త నటుడిని తెచ్చుకునే డబ్బు లేదు కాబట్టి, చాలాచోట్ల స్టేషన్‌లో పనిచేసే అనౌన్సరుకో, వాతావరణ వార్తలు చదివే మనిషికో ఒక నల్లకోటు తొడిగి కెమెరా ముందుకు తోశారు.

ఫిలడెల్ఫియాలో జాన్ జాకర్లీ అలా పేరు తెచ్చుకున్నవాడు. డబ్ల్యూసీఏయూ స్టేషన్‌లో రోలండ్ అనే పాత్రలో, శవపేటికలో పడుకుని ఉన్నట్టు చెప్పే, ఎప్పుడూ కనిపించని భార్యతో ముచ్చట్లాడేవాడు, కాలీఫ్లవర్‌ను మెదడుగా పెట్టుకుని శస్త్రచికిత్సలు చేసేవాడు. అంతకంటే ముఖ్యంగా, సినిమా నడుస్తుండగానే మధ్యలో ఒక్క క్షణం తన ముఖాన్ని చొప్పించి, తానూ ఆ సన్నివేశంలోనే ఉన్నట్టు నటించేవాడు. 1958లో న్యూయార్క్ వెళ్లాక జాకర్లీ పేరుతోనే కొనసాగాడు. ఆయన పాడిన ఒక హాస్యపు పాట అదే ఏడాది దేశవ్యాప్త జాబితాలో మొదటి పది స్థానాల్లోకి చేరింది. 98 ఏళ్లు బతికి 2016లో పోయినప్పుడు, పిల్లలుగా తనను చూసినవాళ్లు డెబ్బయ్యో పడిలో ఉండి ఆయనను తలుచుకున్నారు.

అయితే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది క్లీవ్‌లాండ్ కథ. అక్కడ 1963 నుంచి 1966 దాకా ఎర్నీ ఆండర్సన్ అనే అనౌన్సరు గూలార్డీ పేరుతో, అతికించుకున్న గడ్డంతో, తెల్ల ల్యాబ్ కోటుతో శుక్రవారం రాత్రుళ్లు వచ్చేవాడు. సినిమా బాగా లేకపోతే బాగా లేదని ప్రేక్షకులకు మొహమాటం లేకుండా చెప్పేవాడు, బొమ్మ కార్లను టపాకాయలతో పేల్చేవాడు. క్లీవ్‌లాండ్‌ను ఆనుకుని పార్మా అనే శివారు ఊరుంది. తూర్పు యూరప్‌నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన ఆ ఊరి తెల్ల సాక్సులను, పోల్కా సంగీతాన్ని, ఇంటి ముందు గడ్డిలో పాతే గులాబీరంగు ప్లాస్టిక్ కొంగలను ఆయన వారం వారం ఆటపట్టించేవాడు. ఈ జోకు మరో నగరంలో ఎవరికీ అర్థం కాదు. అర్థం కాకపోవడంలోనే దాని బలమంతా ఉంది. టీవీలో వచ్చే తక్కిన కార్యక్రమాలలో చాలావరకు న్యూయార్క్ నుంచో లాస్ ఏంజెలెస్ నుంచో దిగుతున్న కాలంలో, మా వీధిని ఎరిగినవాడు ఒకడు టీవీలో ఉన్నాడని ఆ ఊరివాళ్లు అనుకోగలిగారు. వెక్కిరింత తమ మీదే అయినా, అది తమవాడు చేసిన వెక్కిరింత.

నేను విన్న ‘బెర్విన్’ కేక కూడా ఆ జాతిదే. బెర్విన్ షికాగోకు పడమట ఉన్న, వరసగా ఇటుక బంగళాలున్న, ఏ విశేషమూ అక్కర్లేని శివారు. ఆ ఊరి మీద హాస్యం 1970లో మొదటి స్వెంగూలీ అయిన జెర్రీ జి. బిషప్ కాలంనుంచీ ఉంది. ఆయన కార్యక్రమానికి జోకులు రాసి పంపుతూ వచ్చిన రిచ్ కోజ్ అనే కుర్రవాడు 1979లో స్వెంగూలీ కొడుకుగా ఆ టోపీ పెట్టుకున్నాడు. 1986లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. కొన్నేళ్ల విరామం తర్వాత మరో షికాగో చానెల్‌లో, ఈసారి బిషప్ ఆశీస్సులతో, నేరుగా స్వెంగూలీగా తిరిగి వచ్చాడు. 2011 నుంచి మీటీవీ అనే చానెల్ ద్వారా దేశమంతటికీ అందుతున్నాడు. ఆ కారణంగా ఇప్పుడు బెర్విన్ ఎక్కడుందో తెలియని ఊళ్లలో కూడా దాని పేరు వినగానే అరిచేవాళ్లున్నారు. (ఇక్కడ కారు కొన్న కొత్తలో నేను బెర్విన్‌కు పనిగట్టుకుని వెళ్లి చూశాను. సర్మక్ రోడ్డు మీద టీ తాగి వెనక్కి వచ్చాను. నవ్వు వచ్చే వస్తువేదీ కనబడలేదు.)

మా ఆఫీసులో అరవై దగ్గరపడ్డ సహోద్యోగి ఒకాయన ఉండేవారు. నేను స్వెంగూలీ చూస్తున్నానని చెప్పగానే, అంతవరకు పనికి మించి ఒక్క మాట మాట్లాడని మనిషి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. వాళ్ల నాన్న ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల మీద పనిచేసేవారట. వారంలో ఆ ఒక్క రాత్రే తండ్రీకొడుకులిద్దరూ ఒకే సోఫాలో కూర్చుని బిషప్ కార్యక్రమాన్ని చూసేవారట. సినిమా సగంలో నాన్న నిద్రపోయినా, శవపేటిక మూత తెరుచుకునే చప్పుడుకు లేచి నవ్వేవారట. ఏ సినిమా చూశారో ఆయనకు ఒక్కటీ గుర్తులేదు, కానీ ఆ కిర్రుచప్పుడు గుర్తుంది. నాకు తెలిసిన ఈ కార్యక్రమపు అభిమానులందరి కథా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. సినిమా పేరు మరిచిపోతారు, పక్కన ఎవరు కూర్చున్నారో మరిచిపోరు.

ఇది కేవలం జ్ఞాపకాల మోజు అయితే ఆ తరంతోనే పోయేది. పోకపోవడానికి కారణం హోస్టు చేసే పనిలో ఉంది. పాత హారర్ సినిమాలో నటులు చాలా గంభీరంగా ఉంటారు. కదలిక నెమ్మది, గబ్బిలాన్ని వేలాడదీసిన తీగ కంటికి ఆనుతుంది, భయపెట్టాలని తీసిన చోట ఇప్పటి ప్రేక్షకుడికి భయం వేయదు. ఒంటరిగా చూస్తే ఆ సందర్భంలో మనకు రెండే దారులుంటాయి, ఆపేయడం లేదా ఎగతాళి చేయడం. హోస్టు మూడో దారి చూపిస్తాడు. నవ్వవలసినదంతా విరామంలో తానే నవ్వేసి, మన చేత నవ్వించి, తిరిగి సినిమాలోకి పంపేటప్పటికి మనలోని ఎగతాళి ఖర్చయిపోయి ఉంటుంది. ఆ తర్వాత ‘వుల్ఫ్ మ్యాన్’లో తోడేలుగా మారిపోతున్న నటుడు లాన్ చేనీ జూనియర్ ముఖంలోని దిగులు మనకు నిజంగా కనబడుతుంది. మా తాతగారి ఊళ్లో చిన్నప్పుడు చూసిన తోలుబొమ్మలాటలో, రామరావణ యుద్ధం మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి మోటు హాస్యంతో కడుపుబ్బ నవ్వించి వెళ్లాక, మళ్లీ రాముడి బొమ్మ తెర మీదికి రాగానే జనం సర్దుకుని కూర్చోవడం నాకు ఇక్కడ గుర్తుకొచ్చింది. వాళ్లు నవ్వించినందువల్ల రామాయణం పలచబడిందని ఎవరూ అనుకోలేదు.

అందుకే సినిమా నడుస్తున్నంతసేపూ దాని మీద మాట్లాడే పద్ధతి నాకు అంత రుచించదు. 1988లో మినియాపోలిస్‌లో ఒక స్థానిక స్టేషన్‌లో మొదలై, రోబో బొమ్మలతో సినిమా పొడవునా వ్యాఖ్యానం చేయించి పెద్ద పేరు తెచ్చుకున్న కార్యక్రమం ఆ కోవకు చెందింది. అది తెలివైన హాస్యమే, కానీ అక్కడ సినిమా ముడిసరుకు మాత్రమే. స్వెంగూలీ అలా కాదు. విరామంలో పాడే పేరడీ పాట ఎంత వెకిలిగా ఉన్నా, ఈ పోలీసు వేషం వేసిన నటుడిని మీరు మరే సినిమాలో చూశారో, ఏ చిత్రం కోసం కట్టిన సెట్‌ను ఇక్కడ మళ్లీ వాడుకున్నారో శ్రద్ధగా చెబుతాడు. ఎక్కడా పేరుకు నోచుకోని చిన్న నటులను పేరు పెట్టి తలుచుకునేది టీవీలో ఆయన ఒక్కడేనేమో అని నాకు అనిపిస్తుంది. జోకులు పాతవి, కొన్ని మరీ పాతవి, ప్రకటనలు సహనాన్ని పరీక్షిస్తాయి, అది కూడా చెప్పకపోతే అన్యాయం.

పిట్స్‌బర్గ్‌లో ఈ బంధం ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. అక్కడ 1963 నుంచి ఇరవై ఏళ్లు ‘చిల్లర్ థియేటర్’ నడిపిన బిల్ కార్డిల్, ఆ ఊరి పరిసరాల్లోనే దర్శకుడు జార్జ్ రొమేరో తీయగా 1968లో విడుదలైన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’లో టీవీ విలేకరిగా తానే నటించాడు. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు కాపీరైటు ప్రకటన జారిపోవడం వల్ల ఆ చిత్రం ఎవరి సొత్తూ కాకుండా పోయింది. నిర్మాతలకు అది తీరని నష్టమే, కానీ ఇవాళ ఇంటి గదిలో ఒక కెమెరా, ఒక ముసుగు పెట్టుకుని ఇంటర్నెట్‌లో హోస్టుగా మారే ఔత్సాహికులకు పైసా ఖర్చు లేకుండా దొరికే పెద్ద సినిమా అదే.

ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకునే సౌకర్యం వచ్చాక ఈ సంప్రదాయం చచ్చిపోవాలి కదా అని మీరు అడగవచ్చు. 2018 జులైలో, టెక్సాస్ యాసతో మాట్లాడే జో బాబ్ బ్రిగ్స్ అనే పాత హోస్టు షడర్ అనే స్ట్రీమింగ్ వేదిక మీద 24 గంటల వరుస ప్రదర్శనతో తిరిగి వచ్చినప్పుడు, ఒకేసారి చూడాలని ఎగబడిన జనానికి వాళ్ల సర్వర్లు తట్టుకోలేకపోయాయి. సినిమాలు తర్వాతైనా దొరుకుతాయి, అయినా అదే రాత్రి, అందరితోపాటే చూడాలనుకున్నారు.

ఇక మీ రెండో ప్రశ్న. ముక్కలు చూడకండి. సినిమా తీసేసి హోస్టు మాటలే కత్తిరించి పెట్టిన వీడియో, కూరలో పోపు గింజలు ఏరి విడిగా తినమన్నట్టుంటుంది. ఏదైనా ఒక గంటా పది నిమిషాల నలుపు తెలుపు చిత్రాన్ని, ఉదాహరణకు 1941 నాటి ‘వుల్ఫ్ మ్యాన్’ను, హోస్టుతో సహా మొదటినుంచి చివరిదాకా చూడండి, వీలైతే పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. మా ఆవిడ 2013లో ఇక్కడికి వచ్చిన మొదటి శనివారం నేను అదే చేశాను. ప్రయాణపు అలసటతో ఆమె పావుగంటలో నిద్రపోయింది. రబ్బరు కోళ్లు పడుతున్న చప్పుడుకు కళ్లు తెరిచి, ఈయన ఎవరు, ఎందుకు కొడుతున్నారని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను, బెర్విన్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ నిద్రపోయింది.