18 నిండగానే ముందు మారేది సంతకం

వచ్చే నెలలో 18 నిండుతాయి, ఓటు, లైసెన్సు కాక ఇంకేం మారతాయని అడిగారు. నాకు తెలిసొచ్చింది సంతకం విషయంలోనే, అదీ రెండుసార్లు.

ఎనిమిదో తరగతిలో స్కాలర్‌షిప్ కోసం అమ్మ గార్డియన్‌గా నాకు బ్యాంకు ఖాతా తెరిచాం. ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఆగస్టులో ఫీజు డబ్బు తీయడానికి ఇద్దరం వెళ్లాం. కౌంటర్‌లో ఆవిడ, "అబ్బాయి మేజరయ్యాడు, మీ సంతకం చెల్లదమ్మా" అన్నారు. సరే నేను పెడతానంటే, "నీ సంతకం మా రికార్డులో లేదు బాబూ" అన్నారు. డబ్బు మాదే, తీసేవాళ్లే లేరు! అసలు నేను పుట్టింది దసరా రోజుల్లో. బడిలో వేసేటప్పుడు వయసు చాలదని జూన్‌లో పుట్టినట్టు రాయించారు. మా లెక్కలో ఇంకా రెండు నెలలుంది, బ్యాంకు లెక్కలో దాటి రెండు నెలలైంది. ఆధార్, ఫోటోలు, కొత్త సంతకాలు ఇచ్చి ఖాతా నా పేరు మీదికి తెచ్చుకునేసరికి ఫీజు గడువు దాటి లేటు ఫీజు కట్టాం. మైనర్‌గా తీసుకున్న పాన్ కార్డుంటే దాని మీద ఫోటో, సంతకం ఉండవు. అదీ మార్పించుకోండి.

రెండోది పూర్తిగా నా తెలివితక్కువతనం. రెండో ఏడాదిలో రూమ్మేట్ ఫైనాన్స్‌లో బండి తీసుకుంటూ, "ఊరికే ఫార్మాలిటీ మామా" అంటే ష్యూరిటీ సంతకం పెట్టా. నాలుగు వాయిదాలు కట్టి వాడు మానేశాడు. ఫోన్లు నాకు మొదలయ్యాయి. ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేసే బాబాయి కాగితం చూసి, "ఇదే రెండేళ్ల ముందు పెట్టుంటే చిత్తుకాగితంరా" అన్నాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద మైనర్ చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకి ఆఖరి అప్పీలు కోర్టు) తేల్చిందట. మేజరయ్యాక ఆ రక్షణ లేదు. అప్పు తీసుకున్నవాడు ఎంత బాధ్యుడో ష్యూరిటీ ఇచ్చినవాడూ అంతే. ముందు వాడినే పట్టుకోండి అనడానికి కూడా సాధారణంగా కుదరదు. నాన్నకి చెప్పడానికి వారం పట్టింది, తీర్చడానికి ఏడాది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. మీరు హిందూ కుటుంబమైతే, మీ పేరు మీదున్న స్థలమో పొలమో మీ చిన్నప్పుడు అమ్మానాన్నల్లో ఎవరైనా కోర్టు అనుమతి లేకుండా అమ్మేసి ఉంటే, దాన్ని రద్దు చేయమని దావా వేయడానికి 18 నిండాక మూడేళ్ల గడువుంటుంది. పంచుకోని ఉమ్మడి ఆస్తిలో వాటాకి ఇది వర్తించదు. ఇంట్లో ఓసారి అడిగి చూడండి, కాకపోతే అన్నం తిన్నాక అడగండి.

ఓటుకి ఫారం 6. 17 నిండినవాళ్లూ ముందే పెట్టుకోవచ్చు. పెళ్లికి మాత్రం అబ్బాయిలైతే 21 దాకా ఆగాల్సిందే. లైసెన్సు రాకముందు నాన్న బండి ముట్టుకోకండి. మైనర్ నడిపి పట్టుబడితే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా పడే వీలుంది.

అన్నట్టు, వచ్చే నెల అన్నది ఇంట్లో లెక్కా, టెన్త్ మెమోలో ఉన్న తేదీయా? ముందు మెమో తీసి చూడండి.