మూడో పచ్చ లైటు వెలగకపోతే

అమ్మలూ,

చక్రాలు లోపలికి ముడుచుకునే విమానం నడపడం నేర్చుకోవడం మొదలుపెట్టావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మర్రిపాలెంలో మన డాబా మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

ఏదో ఒక రోజు నువ్వు చక్రాలు దించే గేర్ లివర్ కిందకి వేస్తావు, ఒక్కో చక్రం దిగి లాక్ అయిందని చెప్పే మూడు పచ్చ లైట్లలో రెండే వెలుగుతాయి. చెయ్యి వెంటనే ఆ లైటు మీదకి పోతుంది. పోనివ్వకు. ముందు స్పీడు, ఎత్తు. ల్యాండింగ్ మానేసి పైకి వెళ్లిపో. 1972 డిసెంబరులో ఫ్లోరిడాలో ఒక పెద్ద విమానానికి ముక్కు చక్రం లైటు వెలగలేదు. కాక్‌పిట్‌లో అందరూ ఆ బల్బు పనిలో పడ్డారు. విమానం మెల్లగా కిందకి జారుతోందని ఎవరూ చూసుకోలేదు. చిత్తడి నేలలో కూలి 101 మంది చనిపోయారు. చక్రం దిగే ఉంది తల్లీ, మాడింది బల్బు.

ఎయిర్‌పోర్టు కంట్రోల్ టవర్‌కి చెప్పడానికి మొహమాటపడకు. ఇబ్బందిలో ఉన్నానని తెలిపే 'పాన్ పాన్' అన్న మాట మూడుసార్లు చెప్పి, తిరగడానికి చోటు అడుగు. మన విశాఖలో అయితే ఒకపక్క కొండలు, ఒకపక్క సముద్రం. ఎంత ఎత్తులో తిరగాలో వాళ్లనే అడుగు. ఒకే ఇంజిన్ ఉన్న విమానంతో సముద్రం మీదకి దూరం పోకు. ట్యాంకులో ఇంధనం ఉన్నంతసేపూ నీకు టైముంది.

ఇప్పుడు చెక్‌లిస్టు తియ్యి. వెలగని బల్బు పీకి, వెలిగే బల్బు ఆ చోట పెట్టి చూడు. సర్క్యూట్ బ్రేకర్ చూడు. కొన్ని పైపర్ విమానాల్లో రాత్రి లైట్ల స్విచ్ వేస్తే ఈ పచ్చ లైట్లు కూడా మసకబారతాయి, పగటి ఎండలో అసలు కనపడవు. నా చొక్కా ఒకసారి చెమటతో తడిసిపోయింది దీనివల్లే. స్విచ్ తియ్యగానే మూడూ కనిపించాయి. అవేవీ కాకపోతే ఎమర్జెన్సీ పద్ధతి: కొన్నిట్లో ప్రెషర్ వదిలేస్తే చక్రాలు వాటి బరువుకే దిగుతాయి, కొన్నిట్లో చేత్తో పంపు కొట్టాలి. పుస్తకంలో ఏ స్పీడు రాస్తే ఆ స్పీడులోనే చెయ్యి. టవర్ ముందు నుంచి తక్కువ ఎత్తులో వెళ్తే చక్రం వేలాడుతోందో లేదో వాళ్లు చెప్పగలరు. లాక్ అయిందా అన్నది కింద నుంచి తెలియదు.

ఎంతకీ దిగకపోతే పొడుగాటి రన్‌వే ఎంచుకో. మన ఊళ్లోది మూడు కిలోమీటర్లు. గడ్డి మెత్తగా ఉంటుందని అటు దిగకు, మట్టిలో గుచ్చుకుంటుంది. ఫైర్ ఇంజన్లు వచ్చాకే దిగు. బెల్టు బిగించు, తలుపు గడియ ముందే తీసి ఉంచు. ఒక్క ముక్కు చక్రమే రాకపోతే, వెనక చక్రాల మీద దిగి ముక్కుని పట్టినంతసేపు పైకి పట్టు.

ప్రొపెల్లర్ మిగులుతుందని గాల్లోనే ఇంజిన్ ఆపే వాళ్లున్నారు. నువ్వు ఆ పని చెయ్యకు. విమానం ఖర్చు ఇన్సూరెన్స్ వాళ్లు చూసుకుంటారు, నువ్వు మాకు కావాలి.

ఆదివారం వచ్చేటప్పుడు నీ విమానం హ్యాండ్‌బుక్ పట్టుకురా. గేర్ పేజీ నువ్వు చూడకుండా చెప్పాలి, నేను పుస్తకం పట్టుకుని వింటాను.

మీ మావయ్య