ఒడిశా తీరం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సంక్రాంతికి ఐదు రోజులు వీలుంది. అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో ఒడిశా పోదామనుకుంటున్నాం. పూరీ, కోణార్క్, చిలికా పక్షులు, డాల్ఫిన్లు, భితర్‌కనిక మొసళ్లు అన్నీ కలిసొచ్చేలా ఎట్లా తిరగాలి?
- ఓ ఉపాధ్యాయురాలు, నల్గొండ

జవాబు: అన్నీ కలిసిరావమ్మా. భితర్‌కనికను ఈసారికి వదిలేయండి. అది భద్రక్ వైపు, పైన ఉంది. రోడ్డు, పడవ ప్రయాణానికే రెండు రోజులు పోతాయి, పెద్దవాళ్లు అలిసిపోతారు.

చాలామంది భువనేశ్వర్‌లో దిగి మళ్లీ వెనక్కి చిలికాకు వస్తారు. అది దండుగ. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ నల్గొండ మీదుగానే పోతుంది. సాయంత్రం ఎక్కితే మర్నాడు పొద్దున బ్రహ్మపురంలో ఉంటారు. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, కారు బేరానికి ఇబ్బంది ఉండదు. అక్కడి నుంచి చిలికా ఒడ్డునున్న బర్కుల్‌కు చేరి ఆ రాత్రి ఉండండి.

మర్నాడు తెల్లారకముందే లేచి టంగి దగ్గరి మంగళాజోడి ఊరికి పోవాలి. ఈ ప్రయాణంలో ఏది తగ్గించినా ఇది తగ్గించొద్దు. ఒకప్పుడు పక్షుల్ని వేటాడి బతికిన ఊరది. ఇప్పుడు ఆ ఊరివాళ్లే పక్షుల్ని కాపాడుతూ పడవల్లో చూపిస్తున్నారు. సాగర్‌లో లాంచీ ఎక్కినట్టు ఉండదు. చిలికా చాలాచోట్ల రెండు మీటర్ల లోతు కూడా ఉండదు, మంగళాజోడి దగ్గర మరీ తక్కువ. అందుకే ఇంజన్ లేని పడవను వెదురుగడతో నెట్టుకుంటూ పోతారు. చప్పుడు లేదు కాబట్టి పక్షి లేచిపోదు. నల్లతోక గాడ్‌విట్ పొడవాటి ముక్కును కళ్ల దాకా బురదలో దింపి పురుగును లాగడం పడవలో కూర్చునే చూడొచ్చు. ఎరుపు, తెలుపు బట్టలు వద్దు. పిల్లలకు చెవులు కప్పే టోపీ పెట్టండి, నీళ్ల మీద చలి ఎక్కువ.

అక్కడి నుంచి పూరీకి పోయి రెండు రాత్రులు ఉండండి. జగన్నాథుడి గుడిలోకి ఫోను, కెమెరా, తోలు బెల్టు, తోలు పర్సు రానివ్వరు. గదిలోనే పెట్టి పోతే క్యూ మధ్యలోంచి వెనక్కి రావాల్సిన పని ఉండదు. దర్శనమయ్యాక ఆనంద బజార్‌లో మహాప్రసాదం తినండి. కుండ మీద కుండ పేర్చి కట్టెల మంట మీద వండుతారు, ఆలుగడ్డ, టమాట వాడరు.

కోణార్క్ అక్కడికి 35 కి.మీ. జనవరిలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణం వైపు చక్రాలు చూడండి, చెక్కడం లోతు తెలుస్తుంది. జగమోహనం, అంటే గుడి ముందరి మండపం లోపలికి దారి లేదు. కూలిపోకుండా 1903లో ఇసుకతో నింపి మూసేశారు.

డాల్ఫిన్లకు పూరీ నుంచి 50 కి.మీ. దూరంలోని సాతపడా పోవాలి. పొద్దున్నే పోండి. ఎండెక్కేకొద్దీ గాలి లేచి అలల మధ్య డాల్ఫిన్ వీపు ఆనవాలు దొరకదు. ఇవి ఇరావడీ జాతివి. ముక్కు మొద్దుగా ఉంటుంది, గాల్లోకి ఎగరడం అరుదు, వీపు మాత్రం నెమ్మదిగా పైకొచ్చి మునుగుతుంది. వెంటపడి తరమొద్దని, కనబడగానే ఇంజన్ ఆపమని పడవ ఎక్కేముందే చెప్పండి. దీవుల్లో ఆల్చిప్ప మీ ముందే పగలగొట్టి ముత్యం తీసిస్తామంటారు, కొనకండి. తిరుగు బండి ఖుర్దా రోడ్‌లో ఎక్కాలి. సాతపడా పోయిన రోజునే బండి పెట్టుకోవద్దు.

ప్రశ్న: అదే సెలవుల్లో గుడ్లు పెట్టే తాబేళ్లను చూడొచ్చా?
- ఓ విద్యార్థి, అచ్చంపేట

జవాబు: జనవరిలో కుదరదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గంజాం దగ్గరి రుషికుల్యా తీరానికి గుంపుగా వచ్చేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిల్లో. కొన్నేళ్లు అసలే రావు. తల్లి వెనక కాళ్లతో కుండలాంటి గుంత తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి ఒంటితో అదిమి వెళ్లిపోతుంది. దాదాపు 50 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. రాత్రిపూట వెలుతురున్న వైపే సముద్రమనుకుని నడుస్తాయి. మీ టార్చి వెలిగితే ఊరి వైపు మళ్లి చస్తాయి. ఫోను లైటు కూడా వద్దు, అటవీ శాఖవాళ్లు చెప్పిన చోటే నిలబడండి.

ప్రశ్న: మాది పుట్టపాక, చిటికి (ఇక్కత్) నేత పని. అక్కడి చేతిపనులు చూడాలని ఉంది.
- ఓ నేతన్న

జవాబు: మీరు కటక్ జిల్లా నువాపట్నా పోవాలి. అక్కడా మీలాగే నూలుకు ముడి కట్టి రంగు వేశాకే మగ్గం ఎక్కిస్తారు, దాన్ని బంధ అంటారు. పూరీ దగ్గరి రఘురాజ్‌పూర్‌లో పటచిత్రాలు రాస్తారు. బట్టకు చింతగింజల జిగురు, సుద్దపొడి పట్టించి, రాయితో నున్నగా రుద్దాకే కుంచె పడుతుంది. తెలుపు రంగు శంఖం నుంచి తీస్తారు.

ప్రశ్న: పూరీలో సముద్ర స్నానం క్షేమమేనా?
- ఓ గృహిణి, మిర్యాలగూడ

జవాబు: మోకాళ్ల దాకా, నులియాలు ఉన్నచోటే. వీళ్లు సముద్రంలో దిగేవాళ్లకు తోడుండే జాలరులు, చాలామంది తెలుగువాళ్లే. అటూఇటూ అలలు విరుగుతూ మధ్యలో ఒకచోట నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తే అక్కడ దిగొద్దు. ఒడ్డుకొచ్చిన నీళ్లు లోపలికి లాక్కుపోయే దారి అదే. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ లాగుడు దాటాక బయటికి రావాలి.