బ్లేక్‌ది పిచ్చా, దివ్యదృష్టా? యాసిడ్ పని తెలిసినవాడి జవాబు

మీరు అడిగింది ఇది: దేవదూతలు కనబడ్డారని, చనిపోయిన తమ్ముడు వచ్చి మాట్లాడాడని చెప్పుకున్న ఇంగ్లీషు కవి, చిత్రకారుడు విలియం బ్లేక్‌ది పిచ్చా, దివ్యదృష్టా? అతన్ని చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నేను ఇంగ్లీషు సాహిత్యం మనిషిని కాను. హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్‌లో ప్రింట్‌మేకింగ్ (లోహపు ప్లేట్లను యాసిడ్‌తో కొరికించి బొమ్మలు అచ్చువేయడంలాంటి పని) చదివాను, తర్వాత కొన్నేళ్లు అదే నేర్పాను. కాబట్టి ఇది యాసిడ్ తొట్టి పక్కన నిలబడినవాడి జవాబు.

ఆ తమ్ముడి కథే తీసుకుందాం. రాబర్ట్ 1787లో జబ్బుచేసి పోయాడు. ప్రాణం పోయేటప్పుడు అతని ఆత్మ చప్పట్లు కొడుతూ ఇంటికప్పు గుండా పైకి వెళ్లడం చూశానని బ్లేక్ చెప్పేవాడు. తర్వాత అదే తమ్ముడు దర్శనంలో వచ్చి ఒక రహస్యం చెప్పాడట. చాలామంది కథను ఇక్కడే ఆపేస్తారు. అసలు ఆ రహస్యం ఏమిటి? మోక్షమూ కాదు, ప్రళయమూ కాదు. కవితనీ బొమ్మనీ ఒకే రాగి ప్లేటు మీద నుంచి ఎలా అచ్చువేయాలి అన్నది! దయ్యం వచ్చి పనికొచ్చే టెక్నిక్ చెప్పిపోవడం, అది నిజంగా పనిచేయడం నేనైతే ఇంకెక్కడా వినలేదు. పని చిక్కుముడి రాత్రింబగళ్లు బుర్రలో తిరుగుతున్నవాడికి వచ్చే దర్శనం అది.

ఆ చిక్కుముడి ఏమిటంటే, అప్పట్లో బొమ్మల పుస్తకం వేయాలంటే రెండు వేర్వేరు పనులు. అక్షరాలు సీసపు టైపుతో ఒక ప్రెస్సు మీద. బొమ్మలేమో రాగి ప్లేటులో గీతలు లోపలికి చెక్కి, ఆ గాట్లలో ఇంకు నింపి, రోలర్ల ప్రెస్సు మీద. టైపు కూర్చేవాడు ఒకడు, చెక్కేవాడు ఇంకొకడు, డబ్బు పెట్టే ప్రచురణకర్త మరొకడు. బ్లేక్ ఇదంతా పక్కనపెట్టాడు. యాసిడ్‌కి లొంగని వార్నిష్‌లాంటి ద్రవంతో నేరుగా రాగి మీదే కవిత రాసి, దాని చుట్టూ తీగలు, మంటలు, పిల్లలు గీశాడు. యాసిడ్ పోస్తే ఖాళీగా ఉన్న రాగిని అది తినేస్తుంది. రాసిందీ గీసిందీ ఎత్తుగా మిగులుతుంది. దానికి ఇంకు అద్ది, తేలిక ఒత్తిడితో కాగితం మీదికి ఎక్కించి, పైన నీటిరంగులు చేత్తో వేసేవారు. 'వేసేవారు' అని ఎందుకన్నానంటే ఇందులో అతని భార్య కేథరిన్ చేయి చాలా ఉంది. 1782లో పెళ్లి రిజిస్టరులో సంతకం చోట గుర్తు పెట్టిన మనిషి ఆమె. చదవడం రాయడం అతనే నేర్పాడు. ఆ తర్వాత అచ్చువేయడంలో, రంగులు వేయడంలో ఆమె అతనికి సరిసమానంగా నిలిచింది.

అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి కనుక కవిత మొత్తం అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయాలి. మా స్టూడియోలో జింకు ప్లేటు మీద ఈ పద్ధతి చేసి చూశాం. ఇంగ్లీషు అక్షరాలు ఎలాగో నెగ్గుకొచ్చాం గానీ, తెలుగులో తలకట్టు ఎటు తిరగాలో, ఒత్తు ఎటు వేలాడాలో తేల్చుకునేసరికి సాయంత్రమయ్యేది. యాసిడ్‌లో కాస్త ఎక్కువసేపు ఉంచితే అది అక్షరం కిందికి దూరి సన్నటి గీతల్ని ఊడగొడుతుంది. తక్కువసేపు ఉంచితే లోతు చాలక, ఇంకు అద్దేటప్పుడు పల్లానికీ అంటుకుని పేజీ మసకబారుతుంది. బ్లేక్ తక్కువ లోతుకే మొగ్గి, పల్లంలో పడిన ఇంకును తుడుచుకుంటూ అచ్చువేశాడు. అతని కవితల పుస్తకం 'సాంగ్స్' ప్లేట్లు పోస్టుకార్డు కంటే చిన్నవి. ఇంత చిన్న జాగాలో, తిరగేసిన అక్షరాలతో, ఒక పూర్తి కవిత! మతి స్థిమితం లేని చేతికి ఇది సాధ్యమని మా క్లాసులో ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ చేయి ఊరికే రాలేదు. లండన్ సోహోలో మేజోళ్లు అమ్మే వ్యాపారి కొడుకు, 1757లో పుట్టాడు. 1772లో, పద్నాలుగేళ్ల వయసులో, జేమ్స్ బసైర్ అనే చెక్కుడు పనివాడి దగ్గర ఏడేళ్ల శిష్యరికంలో చేరాడు. గురువు అతన్ని లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ అనే పాత చర్చికి పంపి పాతకాలపు రాజుల సమాధులు గీయించాడు. అతని బొమ్మల్లో కనిపించే ఆ పొడవాటి, బిగుసుకున్న ఆకారాలు అక్కడివే అనిపిస్తుంది నాకు. జీవితమంతా ఇతరుల బొమ్మలు చెక్కి పెట్టి పొట్టపోసుకున్నాడు. తన పుస్తకాలతో మాత్రం ఏనాడూ నాలుగు డబ్బులు వెనకేసింది లేదు. 1793లో 'సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్' ధర అయిదు షిల్లింగులని ప్రకటించుకున్నా కొన్నవాళ్లు కొద్దిమందే.

మరి 'పిచ్చివాడు' అన్న ముద్ర ఎలా పడింది? అచ్చులో పడింది 1809లో. అన్నగారి మేజోళ్ల దుకాణం ఉన్న ఇంట్లోనే, అంటే తను పుట్టిన ఇంట్లోనే, బ్లేక్ తన బొమ్మల ప్రదర్శన పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లు తక్కువ. 'ఎగ్జామినర్' పత్రికలో రాబర్ట్ హంట్ అతన్ని పాపం మతిలేనివాడని రాసిపారేశాడు. ఆ ప్రదర్శనలో మనకు సంబంధించిన బొమ్మ ఒకటుంది. చార్ల్స్ విల్కిన్స్ 1785లో భగవద్గీతను ఇంగ్లీషులోకి తెచ్చాడు కదా, అతను బ్రాహ్మణ పండితులతో కూర్చుని అనువదిస్తున్నట్టు గీసిన 'ది బ్రామిన్స్'. ఆ బొమ్మ ఇప్పుడు దొరకడం లేదు, కేటలాగులో బ్లేక్ రాసిన నాలుగు మాటలే మిగిలాయి. అందులో అతను వేషధారణ సరిగ్గా లేదని ముందే ఒప్పుకుని, ప్రాచీనులూ అంతే చేశారు, గ్రీకు కథల్లోని లావోకూన్ పూజారి అయినా శిల్పంలో బట్టలు లేకుండానే ఉన్నాడు కదా అని ఎదురు వాదిస్తాడు! వేషధారణ తప్పుగా గీసి గ్రీకు శిల్పాన్ని సాక్ష్యానికి పిలిచిన ఈ మొండితనం నాకు భలే నచ్చుతుంది. ఇది తిక్క అనండి, పిచ్చి మాత్రం కాదు.

దర్శనాలు అబద్ధమని నేననను. చిన్నప్పుడు లండన్ దగ్గర పెకమ్ రై అనే చోట చెట్టు నిండా దేవదూతల్ని చూశానని ఇంటికొచ్చి చెబితే తండ్రి కొట్టబోయాడని, తల్లి అడ్డుపడిందని అతని జీవితచరిత్రలో ఉంది. ముసలితనంలో జాన్ వార్లీ అనే స్నేహితుడి ఎదుట కూర్చుని కనబడిన ఆత్మల్ని గీసేవాడు. వాటిలో ఒకటి గోమారి (రక్తం పీల్చే చిన్న పురుగు, ఇంగ్లీషులో ఫ్లీ) ఆత్మ. గీస్తుండగా అది నోరు తెరిచిందట. మూసేదాకా అసలు బొమ్మ ఆపి, కాగితం మీద ఇంకోచోట ఆ నోరు విడిగా గీసుకున్నాడు. మోడల్ కదిలితే మేమంతా చేసే పనే అది! దాని ఆధారంగా వేసిన పెయింటింగ్ లండన్ టేట్ గ్యాలరీలో ఉంది. పుస్తకాల్లో చూసి పెద్ద రాక్షసుణ్ణి ఊహించుకుని వెళ్లాను. తీరా చూస్తే అరచేతి కంటే కొంచెం పెద్ద చెక్క ముక్క.

అతను లోకం పట్టనివాడనుకోకండి. చిమ్నీల్లోకి పిల్లల్ని ఎక్కించి మసి దులిపించే కాలంలో ఆ పిల్లల గొంతుతో రెండు కవితలు రాశాడు. 1803లో తన తోటలోకి వచ్చిన సైనికుణ్ణి బయటికి నెట్టేస్తే, రాజును తిట్టాడని ఆ సైనికుడు కేసు పెట్టాడు. 1804లో చిచెస్టర్‌లో విచారణ జరిగి నిర్దోషిగా బయటపడ్డాడు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? 1794లో రెండు భాగాలూ కలిపి వేసిన 'సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్ అండ్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్'తోనే. కానీ ఒట్టి అక్షరాల పాఠ్యపుస్తకంలో వద్దు. ఇంటర్నెట్‌లో విలియం బ్లేక్ ఆర్కైవ్ ఉచితం. అసలు పేజీలు అక్కడే చూడండి. 'ది టైగర్' పేజీని వేర్వేరు ప్రతుల్లో పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతి కాపీకీ రంగులు మారిపోతాయి. కవితలో నిప్పులు కక్కే పులి బొమ్మలో కొన్నిచోట్ల పెంపుడు పిల్లిలా నవ్వుతూ నిలబడి ఉంటుంది. కావాలనే అలా గీశాడా, పులి గీయడం రాలేదా అని నేటికీ వాదించుకుంటారు. నా ఓటు మొదటిదానికే. పులిని అంత సాధువుగా గీసి, దీన్ని చేసిందెవరని కవితలో అంత భయంగా అడగడమే అక్కడి తమాషా.

దాని తర్వాత 'ది మ్యారేజ్ ఆఫ్ హెవెన్ అండ్ హెల్' చదవండి, నవ్వొస్తుంది కూడా. 'జెరూసలేం' అనే అతని పొడవాటి కావ్యం జోలికి ఇప్పుడే వెళ్లకండి. వంద ప్లేట్లు, ఎవరు ఎవరి అంశో గుర్తుండదు, చాలా చోట్ల నాకు విసుగొచ్చింది. పేజీలు మాత్రం అద్భుతం. దానికి పూర్తిగా రంగులు వేసిన ప్రతి ఒక్కటే, అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్ల దగ్గర ఉంది. అదీ ఆర్కైవ్‌లో ఉంది కాబట్టి చదవకుండా బొమ్మలు తిరగేసినా తప్పులేదు.