విండోస్ 10 అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు: ఎన్‌రోల్ లింక్ కనపడట్లేదు, డబ్బు కట్టాలా?

మీరు అడిగింది ఇదీ: ల్యాప్‌టాప్ బాగానే నడుస్తోంది, విండోస్ 11 మాత్రం ఎక్కనంటోంది, విండోస్ 10కి మరో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారని విన్నారు, తీరా సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఆ లింకే లేదు, పైగా ఎవరో 30 డాలర్లు కట్టాలన్నారు.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. చాలామందికి కట్టాల్సిన పనే లేదు. మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఆ తర్వాత ఇళ్లలో వాడుకునేవాళ్ల కోసం పెట్టిన పొడిగింపు 2026 అక్టోబర్ 13 దాకా ఉంటుంది. దీన్నే ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) అంటున్నారు. చేరడానికి మూడు దారులున్నాయి: పీసీ సెట్టింగ్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి సింక్ చేస్తే ఉచితం, లేదంటే బింగ్‌లో వెతకడం లాంటివాటికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే రివార్డ్స్ పాయింట్లు 1,000 ఇచ్చేయాలి, అదీ కాదంటే ఒకేసారి 30 డాలర్లు, పన్ను వేరే. యూరప్ ఆర్థిక ప్రాంతంలో ఉన్నవాళ్లకి ఆ సింక్ షరతు కూడా లేదు, కాకపోతే 60 రోజులకోసారైనా అకౌంట్‌తో సైన్ ఇన్ అవుతూ ఉండాలి. ఎలా చేరినా వచ్చే అప్‌డేట్లు ఒకటే, డబ్బు కట్టినవాళ్లకి ప్రత్యేకంగా ఒరిగేదేమీ ఉండదు. కంప్యూటర్‌లోకి రోజూ లోకల్ అకౌంట్‌తోనే వెళ్తాను, మైక్రోసాఫ్ట్ అకౌంట్ నాకు గిట్టదు అనేవాళ్లకి మాత్రమే ఆ 30 డాలర్లకి అర్థం ఉంది, వాళ్లు కూడా చేరేటప్పుడు ఒకసారి సైన్ ఇన్ అవ్వక తప్పదు, ఎందుకంటే లైసెన్సు ఆ అకౌంట్‌కే అతుక్కుని ఉంటుంది. ఒక లైసెన్సు మీద పది మెషీన్ల దాకా చేర్చుకోవచ్చు, కాబట్టి ఇంట్లో ఒక్కో కంప్యూటర్‌కి విడివిడిగా కట్టారంటే దండగే.

సింక్ అనగానే మన ఫోటోలూ ఫైళ్లూ అన్నీ వాళ్ల దగ్గరికి పోతాయేమో, వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజీ వన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 5 జీబీ నిండిపోతుందేమో అని చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. అడిగేది సెట్టింగ్స్ మాత్రమే. విండోస్ బ్యాకప్ యాప్ తెరిస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అని ఫోల్డర్లకి విడిగా స్విచ్‌లు ఉంటాయి, వాటిని ఆఫ్‌లో పెట్టేసి సెట్టింగ్స్ ఒక్కటే ఆన్ చేయండి. నేనైతే అలాగే చేశాను.

ఇక మీ అసలు సమస్య, లింక్ కనపడకపోవడం. ఇంట్లో నాన్నగారు వాడే డెస్క్‌టాప్‌కి ఇబ్బందేమీ రాలేదు: సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, విండోస్ అప్‌డేట్, అక్కడ ‘ఎన్‌రోల్ నౌ’ అని లింక్ ఉంది, నొక్కితే రెండు మూడు ప్రశ్నలడిగి వదిలేసింది. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం అదే పేజీలో ఆ చోటు ఖాళీ. రెండింటిలోనూ ఒకే విండోస్, ఒకే అకౌంట్, ఒక దాంట్లో ఉండి ఇంకో దాంట్లో లేకపోవడం ఏంటో అర్థం కాలేదు. నేను వెతికిన వరుసలోనే చెప్తాను.

మొదట వెర్షన్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి విన్‌వర్ (winver) అని టైప్ చేస్తే చిన్న పెట్టె వస్తుంది, అందులో 22హెచ్2 అని, పక్కన బిల్డ్ నంబరు 19045తో మొదలై ఉండాలి. 21హెచ్2 లాంటి పాతది ఉంటే లింక్ రాదు, ముందు 22హెచ్2కి వెళ్లాలి. తర్వాత, పెండింగ్ అప్‌డేట్లన్నీ వేసి రీస్టార్ట్ చేయండి, షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. ఇది మాటవరసకి చెప్పట్లేదు: మొదట్లో ఎన్‌రోల్ విండో తెరుచుకోగానే మూసుకుపోయే బగ్ ఉండేది, దాన్ని 2025 ఆగస్టు అప్‌డేట్ కేబీ5063709తో సరిచేశారు, చేరే ప్రక్రియ మధ్యలో ఫెయిలయ్యే ఇంకో గోలకి నవంబర్‌లో కేబీ5071959 అని విడిగా ఒకటి వదిలారు. నెలల తరబడి అప్‌డేట్లు ఆపేసిన మెషీన్లో ఇవేవీ ఉండవు, అందుకే లింక్ తలకాయ కూడా చూపించదు.

మూడోది అకౌంట్. మీరు లాగిన్ అయ్యేది అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ అయి ఉండాలి, పిల్లల అకౌంట్‌గా సెట్ చేసినదైతే కుదరదు.

ఈ మూడూ నా ల్యాప్‌టాప్‌లో సరిగ్గానే ఉన్నాయి. దొరికింది ఎక్కడంటే, సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో ‘యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్’. ఆ ల్యాప్‌టాప్ నేను ఇదివరకు పనిచేసిన చోట నుంచి, మానేసేటప్పుడు డబ్బిచ్చి తీసుకున్నది. మాదేం లేదు, క్లీన్ చేసి ఇచ్చాం అన్నారు. చూస్తే ఆ సంస్థ పేరు ఇంకా అక్కడే కూర్చుని ఉంది, మెషీన్ వాళ్ల మేనేజ్‌మెంట్ కిందే ఉన్నట్టు చూపిస్తోంది. సంస్థల డొమైన్‌కి (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కలిపి నడిపే నెట్‌వర్క్), ఎంట్రాకి (అదే పని ఆన్‌లైన్‌లో చేసే మైక్రోసాఫ్ట్ సర్వీసు) జాయిన్ చేసినవీ, రిమోట్‌గా మేనేజ్ చేసేవీ ఈ ఇళ్ల పథకం కిందికి రావు, వాటికి వేరే లెక్క: మెషీన్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు, ప్రతి ఏడాదీ రెట్టింపు, మూడేళ్ల దాకా. ఊరికే ఆఫీసు మెయిల్ కోసం అకౌంట్ కలిపితే, అంటే రిజిస్టర్ మాత్రమే అయి ఉంటే ఫర్వాలేదు, జాయిన్ అయి ఉంటేనే తంటా.

మీదీ సెకండ్ హ్యాండ్‌దో ఆఫీసుదో అయితే అక్కడే చూడండి. కానీ ఒక్క మాట, కనపడగానే ‘డిస్‌కనెక్ట్’ నొక్కేయకండి. ముందు అడ్మిన్ హక్కులున్న లోకల్ అకౌంట్ ఒకటి సృష్టించి, పాస్‌వర్డ్ పెట్టి, దాంతో ఒకసారి లాగిన్ అయి చూసుకోండి, లేకపోతే విడగొట్టాక మీ కంప్యూటర్‌లోకి మీరే వెళ్లలేరు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీని వేరేచోట దాచుకోండి, అది సంస్థ అకౌంట్‌లో మాత్రమే ఉందంటే తర్వాత వాళ్ల కాళ్లావేళ్లా పడాలి. ఫైళ్లు ఎలాగూ బయట డిస్క్‌లో పెట్టుకుంటారు కదా. ఇవయ్యాక విడగొట్టి, రీస్టార్ట్ చేసి, చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కితే నాకు లింక్ వచ్చింది. ల్యాప్‌టాప్ ఇప్పటికీ ఆఫీసుదే అయితే మాత్రం దాని జోలికి పోకండి, అది వాళ్ల ఐటీ వాళ్లు చూసుకోవాల్సిన పని.

యాంటీవైరస్ ఉందిగా, ఇవన్నీ ఎందుకు అని కింద కామెంట్లలో ఎవరో అన్నారు. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ జాబితాలు 2028 అక్టోబర్ దాకా వస్తూనే ఉంటాయి, నిజమే. కానీ తాళమే పాడైన తలుపుకి కాపలా మనిషిని పెట్టినట్టుంటుంది అది. 2017లో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు దానికి ప్యాచ్ మార్చిలోనే ఉంది, దాడి జరిగింది మేలో, ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి నెట్‌వర్క్‌లో పాకిపోయింది. ప్యాచ్ వేసుకోనివాళ్లే దొరికిపోయారు.

అయితే ఈ పొడిగింపు మీద మరీ ఆశ పెట్టుకోకండి. వచ్చేవి క్రిటికల్, ఇంపార్టెంట్ స్థాయి సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రమే, కొత్త ఫీచర్లు ఉండవు, మామూలు బగ్‌లు సరిచేయరు, సపోర్టుకి ఫోన్ చేస్తే పలకరు. ఆలస్యంగా చేరినా వెనకటి ప్యాచ్‌లు వచ్చేస్తాయి, కానీ చేరేదాకా మెషీన్ తెరిచే ఉన్నట్టు కదా, అందుకే వాయిదా వేయొద్దంటాను. ఈలోగా ఒకసారి బయాస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెటప్) వెళ్లి, విండోస్ 11కి తప్పనిసరైన సెక్యూరిటీ చిప్ టీపీఎం ఆఫ్‌లో ఉందేమో చూడండి, ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండి కూడా ఆ స్విచ్ ఆఫ్‌లో ఉన్నందుకే విండోస్ 11 రాదనుకుంటున్నవాళ్లు బోలెడుమంది. ప్రాసెసరే పాతదైతే ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి, బ్రౌజరూ వీడియోలూ తప్ప పెద్దగా ఏమీ వాడనివాళ్లకి అదే మేలు.

‘మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, ఈ టూల్‌తో లింక్ తెప్పిస్తాం’ అనే వీడియోలు, పాప్-అప్‌లు, ఫోన్ కాల్స్, వాటిని దగ్గరికి రానివ్వకండి. లింక్ వచ్చేది సెట్టింగ్స్‌లోనే.

ఇవన్నీ చూశాక కూడా రాకపోతే, విన్‌వర్‌లో ఏ బిల్డ్ ఉందో, ‘యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్’ పేజీలో ఏం కనపడుతోందో ఇక్కడే రాయండి, సంస్థ పేరూ మెయిల్ ఐడీ తీసేసి.